చివరగా, బ్యాంకు షేర్లు

ఆ రోజుల్లో కొట్లలో దీపాలు వెలిగించే వేళకి రేడియోలో ఒక ఆడగొంతు వినిపించేది. ముందు పాట లేదు, వెనక వాయిద్యం లేదు. "ఈనాటి షేర్ల ముగింపు ధరలు" అంటూ మొదలుపెట్టి సిమెంటు, నూలు మిల్లులు, ఓడలు, పంచదార వరసగా చదివేది. నిన్నటి ధర ఇంత, ఇవాళ ఇంత. అన్నీ అయ్యాక చిన్నగా ఊపిరి తీసుకుని, "చివరగా, బ్యాంకు షేర్లు" అనేది. ఉత్త అంకెలు. అయినా షేరంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆ కాస్సేపూ రేడియో కట్టేసేవాళ్ళు కారు. ఆ గొంతు వినబడిందంటే పిల్లలు ఆటలు చాలించి ఇంటికి రావాలని చాలా ఇళ్ళలో ఒక లెక్క ఉండేది.

ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ధరలు చదివేవాళ్ళ పేరు చెప్పే ఆనవాయితీ రేడియోలో లేదు. ఒకసారి బజారులో టమాటాలు బేరమాడుతుంటే బుట్ట వెనకాల కూర్చున్నామె గొంతు గుర్తుపట్టేసింది.

"మీరు ధరలమ్మ కదూ! ఊళ్ళో ధరలన్నీ మీరే చెప్తారు, మళ్ళీ నన్ను అడుగుతారేమిటమ్మా?"

అప్పటినుంచి బజారంతటికీ ఆవిడ ధరలమ్మే. ఆ పేరు ఆఫీసుకి పాకింది, అక్కణ్ణుంచి ఇంటికీ పాకింది. చివరికి ఆవిడకే అది సొంత పేరులా అనిపించసాగింది.

ధరలమ్మ పెరిగింది మేనమామ ఇంట్లో. నాన్నది ఊరూరా బదిలీలయ్యే ఉద్యోగం. పిల్ల చదువు చెట్టెక్కుతుందని చిన్నప్పుడే తెచ్చి మామయ్య దగ్గర దింపేశాడు. మామయ్యది మందులకొట్టు. ముందు కొట్టు, తెర తీస్తే వెనకాల ఇల్లు. ఇంట్లో ఏ మూల నిలబడినా స్పిరిటు వాసనే. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా, పరీక్షకి చదువుకుంటున్నా తెర అవతల సీసాల మోత, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాకే సుమా!" అన్న మామయ్య గొంతు వినబడుతూనే ఉండేవి. ఆయన డాక్టరు కాడు. వీధి మాత్రం ఆయన్ని "డాక్టరు గారూ" అనే పిలిచేది. మొదట్లో కాదు కాదని మొత్తుకున్నాడట. తర్వాత అలసిపోయి పలకడం మొదలుపెట్టాడు.

అత్తయ్యకీ మామయ్యకీ పిల్లల్లేరు. అందుకని మేనకోడల్ని అపురూపంగా చూశారని అనుకుంటే పొరపాటు. అత్తయ్య తిట్లకి అడ్డూ ఆపూ ఉండేది కాదు. అయితే వాటిలో ధరలమ్మకీ మామయ్యకీ సమాన వాటా ఇచ్చేది. ఆ విషయంలో పక్షపాతం చూపించిందని ఎవరూ అనలేరు.

చదువయ్యాక ధరలమ్మకి రేడియో ఆఫీసులో టైపు ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం షేర్ల బజారు మూసేశాక అక్కడి గుమాస్తా ఫోన్ చేసి ధరలు చెప్పేవాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని కార్బను కాగితాలు పెట్టి వాటిని టైపు చేయడం ఆవిడ పని. చదవడం వేరే ఆయనది. వానాకాలం మొదట్లో ఆయన గొంతు పూడుకుపోయింది. ఆఫీసరు అటు చూశాడు, ఇటు చూశాడు. చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఈ పిల్ల తప్ప ఎవరూ కనబడలేదు.

"టైపు చేసింది నువ్వే కదా? చదివెయ్" అన్నాడు.

"నాకు రాదండీ."

"అంకెలు రావా?"

అలా వెళ్ళి కూర్చుంది. కిటికీ లేని గది. గోడలకి బొంత గుడ్డ, కాగితాల చప్పుడు వినబడకుండా బల్ల మీద ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. అద్దం అవతల మీటలు తిప్పే కుర్రాడు వేలు ఎత్తి దించాడు. ఎర్ర దీపం వెలిగింది. పంచదార దగ్గర తడబడింది, ఓడల దగ్గర ఒక కంపెనీని రెండుసార్లు చదివింది. బయటికి వచ్చేసరికి చీర భుజం దగ్గర తడిసి ముద్దయింది.

ఇంటికి వెళ్తే కొట్టు ముందు జనం. మామయ్య మెట్టు దిగి ఎదురొచ్చాడు.

"ఓడల కంపెనీని రెండుసార్లు చదివావు. దానికంత మర్యాద ఎందుకే?" అన్నాడు. అని ఊరుకోకుండా కొట్టులోవాళ్ళందరికీ టీ చెప్పాడు. డబ్బు విషయంలో మామయ్య చెయ్యి అంత ధారాళమైనదేమీ కాదు. ఆ టీ సంగతి వీధి చాలాకాలం చెప్పుకుంది.

పాతాయనకి గొంతు నయమైంది గానీ ధరల దగ్గరికి మళ్ళీ రాలేదు. ఆయనకి ఎప్పటినుంచో నాటకాల మీద ఉంది మనసు. సందు చూసుకుని అటు జారుకున్నాడు. ధరలు ఈవిడకి ఉండిపోయాయి.

మామయ్యకి షేర్ల పిచ్చి ఉంది. అందులోనూ బ్యాంకు షేర్లంటేనే. అందులోనూ ఒకే ఒక్క బ్యాంకు. దాని అసలు పేరు చాంతాడంత ఉండేది. వీధి చివర నీలం బోర్డు వేలాడదీసిన దాని బ్రాంచి ఒకటి ఉంది గనక ఇంట్లో దాన్ని నీలిబోర్డు బ్యాంకు అనేవారు. మామయ్య దానిలో షేర్లు కొని పెట్టుకున్నాడు. ఏడాదికోసారి లాభంలో వాటా పంచుతూ బ్యాంకు పంపే కవరు వస్తే ముందు వాసన చూసి, తర్వాత చింపేవాడు.

ఆ షేర్ల మీద ఆయనకో సిద్ధాంతం ఉండేది. అది మందులకొట్టులో పుట్టిన సిద్ధాంతం.

"చూడు అమ్మాయ్" అనేవాడు, అటక మీద డబ్బాలు సర్దుతూ. "వానలు పడ్డాక దగ్గుమందు తెప్పిస్తే ఏం లాభం? అప్పటికే టోకు వర్తకుడు ధర పెంచేస్తాడు. ఎండలు మండుతున్నప్పుడే తెప్పించి అటకెక్కించాలి. చెమటకాయల పౌడరు చలిలో కొనాలి. పరీక్షలకి ముందు జ్ఞాపకశక్తి టానిక్కు. ఏడాదంతా నేను చేసేదల్లా రోగానికి ముందు నడవడమే. బ్యాంకు షేరుకి మాత్రం కాలాలుండవా?"

"షేరుకి జలుబు చేస్తుందా ఏమిటి?" అని తెర వెనకనుంచి అత్తయ్య.

"చేస్తుందోయ్. వానల్లో బేరాలుండవు. బేరాల్లేకపోతే అప్పులు తీసుకునేవాడుండడు. బ్యాంకు ముసుగు తన్ని పడుకుంటుంది. అప్పుడు కొనాలి. చలి మొదలయ్యేసరికి వర్తకులు సరుకు నింపుకోవాలి, అప్పుల కోసం బ్యాంకు గడప అరగదీస్తారు. షేరు లేచి కూర్చుంటుంది. ఏడాది లెక్కలు తేల్చే ముందు లాభం బాగుంటుందని అందరూ ఎగబడతారు. అప్పుడు కాసిని అమ్మాలి. వాటా పంచేశాక ఎవడికీ దాని మీద మోజుండదు, ఎండకి వడిలిపోయినట్టు వడిలిపోతుంది. మళ్ళీ వానల దాకా ఆగాలి."

"మీకంత తెలిస్తే ఈ ఇంట్లో ఇంకో ఫ్యానెందుకు లేదో?"

మామయ్య ఇంకో డబ్బా అందుకుని అటకెక్కించేవాడు.

కానీ విచిత్రం, సిద్ధాంతం పనిచేసింది. ధరలమ్మ రేడియోలో చేరిన తొలి ఏళ్ళలో నీలిబోర్డు బ్యాంకు షేరు మామయ్య చెప్పినట్టే నడుచుకుంది. వానల్లో పడుకుంది, చలికి లేచింది, లెక్కలప్పుడు ఉరికింది, ఎండలకి వడిలింది. ఇంట్లోకి ఫ్యాను వచ్చింది. తర్వాత ఫ్రిజ్జు వచ్చింది. అత్తయ్య దాన్ని తెరిచి మొహం లోపల పెట్టి కాస్సేపు నిలబడేది. సిద్ధాంతం మీద విమర్శలు ఆపేసింది.

ఎదురుకొట్టు టైలరు మొదటి శిష్యుడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, మెడలో టేపు, పళ్ళ మధ్య ఎప్పుడూ గుండుసూదులు. సూదుల సందులోంచే మాట్లాడేవాడు, సూదుల సందులోంచే నవ్వేవాడు. ఆయనకి ప్రతి వానాకాలం దగ్గు పట్టుకునేది. మందుకి వచ్చి కూర్చుని, మామయ్య చెప్పింది విని, దగ్గుమందుతోపాటు నాలుగు షేర్లు కొనుక్కున్నాడు. అవి పెరిగాయి. కొత్త కుట్టుమిషను కొన్నాడు. దాన్ని చూసి పక్కింటి మేస్టారు, ఆయన్ని చూసి సైకిలు షాపాయన. కాగితాలు పూర్తిచేయడం, సంతకాలు పెట్టించడం, వాటిని బ్రోకరు దగ్గరికి పట్టుకెళ్ళడం అన్నీ మామయ్యే చేసిపెట్టేవాడు. ఆ పనికి ఒక్క పైసా పుచ్చుకునేవాడు కాదు. సాయంత్రమయ్యేసరికి మందులకొట్టు ముందు బల్ల మీద చోటుండేది కాదు. రేడియో గల్లాపెట్టె మీద. లోపల వాళ్ళింటి పిల్ల గొంతు. "చివరగా, బ్యాంకు షేర్లు" అనగానే టైలరు మిషను కాలు ఆపి వీధి దాటి వచ్చేవాడు.

అద్దం అవతలి కుర్రాడు ఒకరోజు ఎర్ర దీపం ఆరాక తలుపు తీసుకుని వచ్చి అన్నాడు: "ఒక మాట అడగనా? ఏమీ అనుకోకండి. సిమెంటు చదివేటప్పుడు మీ గొంతు ఆఫీసుకి వెళ్తున్నట్టు ఉంటుంది. బ్యాంకులు వచ్చేసరికి పేరంటానికి వెళ్తున్నట్టు ఉంటుంది. ఎందుకని?"

"మీకెలా తెలిసింది?"

"గొంతు కొలిచే మీటరులో ముల్లు చూస్తాగా. అక్కడ అది పైకి లేస్తుంది."

తన గొంతుకి ఒక ముల్లు లేవడాన్ని రోజూ ఒక మనిషి అద్దంలోంచి చూస్తున్నాడన్న సంగతి ధరలమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఏడాది తిరక్కుండా వాళ్ళకి పెళ్ళయింది. కాపురం ఆఫీసు వెనక వీధిలో పెట్టారు. ఆదివారాలు మాత్రం తెర వెనక భోజనం, అత్తయ్య తిట్లు. కొత్త అల్లుడికి కూడా వాటా దక్కింది.

ఆ మంచి రోజుల్లోనే మామయ్య మొహంలో ఏదో తేడా రావడం ధరలమ్మ గమనించింది. వానలు జోరుగా కురుస్తున్నాయి, బజారులో బేరాల్లేవు, అయినా నీలిబోర్డు షేరు పడుకోలేదు. పైగా కాస్త పెరిగింది.

"ఇదేమిటి మామయ్యా, వానల్లో పెరుగుతోంది?"

ఆయన దగ్గుమందు సీసా ఒకటి తుడిచి పక్కన పెట్టాడు. "వానల్లో కొనాలని అందరికీ తెలిసిపోయిందే" అన్నాడు. "మన వీధే కాదు. బ్రోకరు ఆఫీసులో వినాలి, ప్రతివాడూ ఇదే మాట. రోగం రాకముందే ఊరంతా మందు తాగేస్తే ఇక నేను దేనికి ముందు నడవాలి?"

మరుసటి ఏడు ఆయన వానలకి ముందే, ఎండల్లోనే కొనమన్నాడు. ఆ పై ఏడు ఇంకాస్త ముందుకి జరిగాడు. కాలాలన్నీ వెనక్కీ ముందుకీ జరిగి, వినేవాళ్ళకి గజిబిజి అయింది. టైలరు మాత్రం, "మీరు ఎప్పుడంటే అప్పుడే డాక్టరు గారూ" అని సూదుల సందులోంచి నవ్వేవాడు.

అప్పుడు వచ్చింది ఆ చలికాలం.

ఊరి బయట పెద్ద నూలు మిల్లొకటి మూతపడింది. దానికి అప్పిచ్చినవాళ్ళలో నీలిబోర్డు బ్యాంకు ఉందని పేపర్లో వచ్చింది. లేచి కూర్చోవలసిన రోజుల్లో షేరు జారడం మొదలుపెట్టింది. ముందు కొంచెం. చలి ముదిరితే సర్దుకుంటుందన్నాడు మామయ్య. చలి ముదిరింది. షేరు ఇంకా జారింది. మధ్యాహ్నం ఫోనులో గుమాస్తా ఆ అంకె చెప్పగానే ధరలమ్మ, "మళ్ళీ చెప్పండి" అనేది. ఆయన అదే అంకె మళ్ళీ చెప్పేవాడు, ఈసారి విసుగ్గా. ఆ అంకెని ఆవిడ టైపు చేయాలి, సాయంత్రం దాకా దగ్గర పెట్టుకోవాలి, తర్వాత తన నోటితో చదవాలి. చదివేటప్పుడు మందులకొట్టు ముందు బల్ల కళ్ళకి కట్టేది. ఎవరు ఏ మూల కూర్చుంటారో ఆవిడకి తెలుసు.

ఒక సాయంత్రం "చివరగా, బ్యాంకు షేర్లు" అన్నాక ఆగిపోయింది. ఎంతోసేపు కాదు. ఒక గుటక మింగేటంత. అద్దం అవతల భర్త తల ఎత్తి చూశాడు. తర్వాత చదివేసింది.

ఆ గుటక చాలు. మరునాటికి వీధిలో షేర్లున్నవాళ్ళందరికీ పొద్దున్నే భయం పట్టుకుంది. ధరలమ్మే ఆగిపోయిందంటే దాని వెనకాల ఏదో ఉంది, రేడియోవాళ్ళకి ముందే తెలిసింది, చెప్పడం లేదు అని. మేస్టారు అమ్మేశాడు. సైకిలు షాపాయన అమ్మేశాడు. ఆదివారం భోజనానికి వెళ్ళినప్పుడు మామయ్య కోప్పడలేదు. అన్నం కలుపుతూ నెమ్మదిగా అన్నాడు.

"జ్వరం ఎంతుందో చెప్పేటప్పుడు మొహం మార్చకూడదే అమ్మాయ్. అంకె చెప్పి ఊరుకోవాలి. నీ మొహం చూశాక రోగి అంకె వినడు."

"నా వల్లే అమ్మేశారా మామయ్యా?"

"నా వల్ల కొన్నారు. నీ వల్ల అమ్మారు. బ్రోకరుకి రెండు పక్కలా కమిషను" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సరిగ్గా అప్పుడే కొట్టులోంచి పిలుపు వినబడింది. టైలరు. దగ్గుతున్నాడు. మందుకి వచ్చాడనుకుని మామయ్య చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. తెర సందులోంచి ధరలమ్మ చూసింది. టైలరు నోట్లో సూదులు లేవు. తీసి చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు. నోట్లో సూదులు లేకుండా ఆయన్ని చూడడం ఆవిడకి అదే మొదటిసారి.

"మీ బ్యాంకుకి చలికాలం ఎప్పుడొస్తుంది డాక్టరు గారూ? కోటు కుట్టి సిద్ధంగా ఉంచాను, తొడుగుదామని."

"నాకు తెలియదయ్యా."

"ఇన్నాళ్ళూ తెలుసన్నారు."

"తెలుసనుకున్నాను."

"మీరనుకున్నందుకు నేను నా కూతురి చదువు డబ్బు పెట్టాను."

మామయ్య గల్లాపెట్టె అంచు పట్టుకుని నిలబడిపోయాడు. దగ్గుమందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. టైలరు దాన్ని ముట్టుకోలేదు. వీధి దాటి వెళ్ళిపోయి, కొట్టు తలుపు ఒక రెక్క మూసేశాడు, ఇటువైపు రెక్క.

ఆ తర్వాత ఆయన దగ్గుమందు కోసం బజారు అవతలి కొట్టుకి వెళ్ళేవాడు. దగ్గుకుంటూ, మామయ్య కొట్టు ముందునుంచే, తల తిప్పకుండా. సాయంత్రాలు బల్ల ఖాళీ. రేడియో మాత్రం మోగేది. మామయ్య ఒక్కడే వినేవాడు.

ఆయనకి తిండి సయించడం మానేసింది. మందులు కలిపే మనిషి తనకి మాత్రం ఏమీ కలుపుకోలేదు. చూసి చూసి అత్తయ్య ఒకరోజు, "అమ్మేయండి. పీడ విరగడవుతుంది. మీరు బతికుంటే ఫ్యాను లేకపోయినా బతుకుతాను" అంది. చలి పోయి ఎండలు మొదలవుతున్న రోజులవి. మామయ్య షేరు కాగితాలు తీసి, బ్రోకరు దగ్గరికి వెళ్ళి, ఉన్నవన్నీ అమ్మేశాడు. వచ్చి కడుపునిండా అన్నం తిని హాయిగా నిద్రపోయాడు.

ఎండలు ముదిరాక, ఎవరూ ఏ షేరూ ముట్టుకోని రోజుల్లో, ఒక మధ్యాహ్నం గుమాస్తా ఫోనులో నీలిబోర్డు బ్యాంకు ధర చెప్పాడు. ధరలమ్మ వేళ్ళు టైపు మిషను మీద ఆగిపోయాయి.

"మీరు వేరే వరస చూస్తున్నారేమో, మళ్ళీ చూడండి."

"వరస కాదమ్మా, నిజమే. పెద్ద బ్యాంకొకటి దాన్ని కలిపేసుకుంటోంది. పొద్దున్నుంచి ఇక్కడ చొక్కాలు చింపుకుంటున్నారు."

మామయ్య సిద్ధాంతంలో లేని కాలంలో, అంతకు ముందెప్పుడూ లేనంత పైకి లేచింది ఆ షేరు. సాయంత్రం ఆవిడ ఎక్కడా ఆగకుండా చదివింది. భర్త ముల్లు వైపు చూస్తున్నాడని తెలుసు. అది కదలకూడదని పంటి బిగువున చదివింది. దీపం ఆరిపోగానే ఇద్దరూ బస్సు కోసం ఆగకుండా నడుచుకుంటూ మందులకొట్టుకి వెళ్ళారు. మామయ్యని పట్టుకోవాలని ఆవిడ ఆరాటం. అమ్మేసిన మనిషి ఆ ధర విని ఏమైపోయాడో!

మామయ్య గల్లాపెట్టె వెనక కూర్చుని పొట్లాలు కడుతున్నాడు. అత్తయ్య తెర పట్టుకుని ఏడుస్తోంది.

"నేనే, నేనే అమ్మించాను. నా నోరు పడిపోను!"

"ఊరుకోవోయ్. నిద్ర పట్టింది కదా! ఆ నిద్ర ఖరీదు ఇంత అనుకుందాం" అన్నాడు మామయ్య. ఆ తర్వాత ఆయన జన్మలో ఆ మాట ఎత్తలేదు. అత్తయ్యే రోజూ ఎత్తేది, ఆయన తరఫున కూడా.

అప్పుడు వీధి అవతల మూసి ఉన్న తలుపు రెక్క తెరుచుకుంది. టైలరు బయటికి వచ్చాడు. నడిమధ్య దాకా వచ్చి ఆగాడు. సైకిలు గంట కొడితే పక్కకి జరిగాడు. చివరికి వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

ఆయన షేర్లు అమ్మలేదు. అమ్మాలని లేక కాదు, ప్రాణం కొట్టుకుపోయింది. కానీ కాగితాలు ఎలా పూర్తి చేయాలో, ఎక్కడ సంతకం పెట్టాలో తెలియదు. అదంతా ఎప్పుడూ డాక్టరు గారే చేసేవారు. అమ్మాలంటే ఆ మెట్టెక్కి ఆయన్ని అడగాలి. అలక అడ్డొచ్చింది. ఇవాళా రేపా అని బిగుసుకుని కూర్చున్నాడు. ఆ అలకే ఆయన్ని కాపాడింది.

"దగ్గుమందు ఉందా?" అన్నాడు నేల చూస్తూ.

ఎండాకాలం. ఊళ్ళో ఎవరికీ దగ్గు లేదు. మామయ్య లేచి, అటక మీంచి సీసా దింపి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

"అన్నం తిన్నాకే సుమా!" అన్నాడు.

టైలరు సీసా పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. పళ్ళ మధ్య సూదులున్నాయో లేవో ధరలమ్మకి కనబడలేదు. ఆయన తల ఎత్తలేదు. మరునాడు మామయ్య ఆయన కాగితాలు దగ్గర కూర్చుని పూర్తిచేసిపెట్టాడు. ఆ డబ్బుతో టైలరు కూతురు తర్వాత పైచదువులు చదువుకుంది. కృతజ్ఞత ఎలా చూపాలో తెలియక ఆయన మామయ్యకి ఉన్ని కోటు కుట్టి తెచ్చాడు. మామయ్య పుట్టి బుద్ధెరిగాక కోటు తొడుక్కున్నవాడు కాదు. ఆ మండుటెండలో మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కారుతుంటే, కొట్టు మూసే దాకా కూర్చున్నాడు. టైలరు తన కొట్టులోంచి చూస్తున్నాడు మరి, ఎలా విప్పుతాడు!

మామయ్య మళ్ళీ ఎవరికీ ఏ కాలంలో ఏం కొనాలో చెప్పలేదు. తనూ కొనలేదు. అయినా సాయంత్రం రేడియో మాత్రం మోగాల్సిందే. బల్ల మీద పాతవాళ్ళు కొందరు మళ్ళీ చేరారు.

"షేర్లు లేవుగా మామయ్యా, ఇంకా ఎందుకు వింటారు?" అని ధరలమ్మ ఒకసారి అడిగింది. నా గొంతు కోసం అంటాడని ఆశపడింది కూడా.

"అలవాటే. నువ్వు మొదలుపెడితే కొట్లో దీపం వెలిగించే వేళయిందని తెలుస్తుంది" అన్నాడాయన.

మామయ్య పోయింది ఒక వానాకాలంలో. సెలవు ముగించుకుని ఆఫీసుకి వచ్చిన రోజు ధరలమ్మ ఎప్పటిలాగే ఫోను చెవికి ఇరికించుకుని ధరలు రాసుకుంది, ఎప్పటిలాగే చదివింది. ఆ రోజు బ్యాంకు షేర్లు బాగా పెరిగాయి. బయటికి వచ్చాక ఆ కబురు ఎవరికి చెప్పాలో తెలియలేదు. నడవాలో చాలాసేపు నిలబడింది. భర్త వచ్చి సంచి అందుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు చదివింది. షేర్ల బజారులో అరుపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ధరలు క్షణక్షణం టీవీ తెర కింది అంచున పాకడం మొదలుపెట్టాయి. పొద్దుటి ధర మధ్యాహ్నానికే పాతబడిపోతుంటే, సాయంత్రం దాకా ఆగి వినేవాళ్ళెవరు? ఒకరోజు కొత్త ఆఫీసరు పిలిచి, ఈ కార్యక్రమం ఆపేస్తున్నామని చెప్పాడు. పాపం ఆయనే ఎక్కువ ఇబ్బందిపడ్డాడు. చివరి రోజున కూడా అంకెలే చదివింది. సెలవు అన్న మాట కాగితంలో లేదు, కాగితంలో లేని మాట చదివే అలవాటు ఆవిడకి లేదు. బయటికి వస్తుంటే ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ.

"రేపటినుంచి ఈ వేళకి ఏం వేస్తారమ్మా?"

"పాటలండీ."

"పాటలా? సరేలే, పాటలైనా మంచివే" అని పెట్టేసింది.

ఆ కార్యక్రమం పోవడంతో మరునాటికి భర్తకి కూడా సెలవే. సాయంత్రం ఇద్దరూ ఇంట్లో కూర్చున్నారు. వేళ దగ్గరపడుతోంది. ఆవిడ లేచి నీళ్ళు తాగింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది.

"పద, బయటికి పోదాం" అన్నాడాయన.

వీధిలోకి వచ్చి ఇద్దరూ ఆగిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆదివారాలు తెర వెనక గడిస్తే, మిగతా రోజుల్లో ఆ వేళకి వాళ్ళు ఎప్పుడూ కిటికీ లేని గదిలోనే ఉన్నారు, ఒకరు అద్దానికి ఇవతల, ఒకరు అవతల. ఆ వేళకి బయట ఎలా ఉంటుందో చూసి ఎన్నాళ్ళయిందో! మేడల పైభాగాన ఇంకా ఎండ ఉంది. కింద కొట్లలో అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. ఒకావిడ డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. బస్సులోంచి దిగినవాళ్ళు తొందర తొందరగా ఇళ్ళకి పోతున్నారు. ఎవరూ వీళ్ళని చూడలేదు.

"ఇంత వెలుతురుంటుందా ఈ వేళప్పుడు?" అంది ధరలమ్మ.

"నాకూ తెలియదు" అన్నాడాయన.

ఆ వెలుతురు పోయేదాకా నడుద్దామనుకున్నారు. మలుపు తిరిగి, నది వైపు రోడ్డు పట్టారు.